రమణకీ రావణకీ ఒక్క అక్షరమే దూరం

కంప్యూటర్ పెట్టె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ‘ఒక కార్డులో ఒక పేరు, ఇంకో కార్డులో ఇంకో పేరు’ అని నా గోడు కాస్త వెళ్లబోసుకున్నాను. నా పేరు ‘జ్ఞ’తో మొదలవుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంగ్లీషులో అది ‘జె’తో ఉంటే, పెన్షన్ కాగితాల్లో ‘జి’తో పడింది. ఆ ఒక్క అక్షరం కోసం ఒక ఆఫీసు చుట్టూ ఐదు నెలలు తిరిగాను. అది చదివి చాలామంది రాశారు. అందరిదీ ఒకటే బాధ, పేర్లు కలవడం లేదని. అందుకే ఈ నెల పేజీ మొత్తం పేర్లకే ఇచ్చేశాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘానికి నేను కార్యదర్శిని. సంక్రాంతికి అందరం కలవాలనుకుంటున్నాం. సభ్యుల పేర్లు మూడు చోట్ల ఉన్నాయి. ఫోన్ చేసి అడిగి రాసుకున్నవి కొన్ని, వాట్సాప్‌లో ఎవరికి వాళ్లు టైప్ చేసి పంపినవి కొన్ని, పాత స్కూలు రిజిస్టరు ఫొటోలు చూసి ఎక్కించినవి కొన్ని. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కలిపితే 1,400 వరసలు వచ్చాయి. ఒకే మనిషి రెండు మూడుసార్లు కనబడుతున్నారు. మా అక్క కొడుకు ఎక్సెల్‌లో సౌండెక్స్ అని, పేర్ల శబ్దం పోల్చే ఒక మాక్రో (చిన్న ప్రోగ్రాం) పెట్టి ఇచ్చాడు. అది లక్ష్మమ్మనీ లక్ష్మణ్‌నీ ఒకటే అంటోంది. వెంకట అని పేరున్నవాళ్లందరినీ ఒకే కుప్ప పోసింది. తీసిపారెయ్యమంటారా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తీసిపారెయ్యకండమ్మా. అది దాని పని అది చేసింది. మనమే దాని చేత వేరే పని చేయించబోయాం.

సౌండెక్స్ వందేళ్లు దాటిన ముసలిది. అమెరికాలో పిట్స్‌బర్గ్‌కి చెందిన రాబర్ట్ రస్సెల్ దీనికి 1918లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు, కార్డులూ డ్రాయర్లూ ఉన్నాయి. పేరు వినగానే ఏ డ్రాయరు లాగాలో తెలియడానికి కట్టిన లెక్క అది. పేరులో మొదటి అక్షరం అలాగే ఉంచుతుంది. మిగతాదాంట్లో అచ్చులు, హెచ్, డబ్ల్యూ, వై తీసేస్తుంది. హల్లులకు అంకెలు వేస్తుంది. బి, ఎఫ్, పి, వి అయితే 1. సి, జి, జె, కె, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ అయితే 2. డి, టి 3. ఎల్ 4. ఎం, ఎన్ 5. ఆర్ 6. పక్కపక్కన ఒకే అంకె పడితే ఒక్కటే రాస్తుంది, మధ్యలో అచ్చు ఉండి ఉంటే మాత్రం రెండూ రాస్తుంది. మూడంకెలు రాగానే ఆగిపోతుంది, తక్కువైతే సున్నాలు పెడుతుంది. అంతే, ఇంకేం లేదు.

‘లక్ష్మి’ని తీసుకోండి. కొందరు ‘కె-ఎస్-హెచ్’ పెట్టి రాస్తారు, కొందరు ‘ఎక్స్’ ఒక్కటే పెట్టి రాస్తారు. మొదటి దాంట్లో కె, ఎస్ రెండూ 2లే, పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒక 2. తర్వాత ఎం 5. మొత్తం ఎల్-250. రెండో దాంట్లో ఎక్స్ 2, ఎం 5. ఇదీ ఎల్-250. ఊళ్లో పెద్దవాళ్లు పిలిచే ‘లచ్చిమి’ని సి-హెచ్ ఒకసారి పెట్టి రాసినా అదే ఎల్-250. ఇంత సులువుగా ఇన్ని లక్ష్ముల్ని ఒకచోట చేర్చినదాన్ని పారేయమంటారా!

ఇప్పుడు లక్ష్మమ్మ చూడండి. క్షకి 2, మకి 5, మళ్లీ అచ్చు దాటాక మ్మకి ఇంకో 5. లక్ష్మణ్‌కి 2, 5, చివరి ఎన్‌కి 5. ఎం, ఎన్ ఒకే గుంపు కదా, రెండూ ఎల్-255 అయ్యాయి. ఇక వెంకట సంగతి. వి అలాగే ఉంటుంది, ఎన్‌కి 5, కె కి 2, టి కి 3. వి-523. మూడంకెలూ అక్కడితో సరి. తర్వాత ఉన్నది ఈశ్వర్లా, రమణా, రావా అన్నది అది చూడనే చూడదు. కొండకి బయల్దేరి అలిపిరిలోనే బస్సు దిగిపోయినట్టు.

ఈ లక్ష్మమ్మ, లక్ష్మణ్ కథ నాకు కొత్త కాదు. 1993లో మా ఆఫీసులో జీతాల జాబితానీ, పండగ అడ్వాన్సుల జాబితానీ కలిపే ప్రోగ్రాం నేనే రాశాను. సౌండెక్స్ కలిస్తే మనిషి ఒకరే అనుకోమని రాసిపెట్టాను. స్వీపర్ లక్ష్మమ్మ తీసుకున్న అడ్వాన్సు డ్రైవర్ లక్ష్మణ్ జీతంలో రెండు నెలలు కోత పడింది. ఆయన పేస్లిప్ పట్టుకుని వచ్చి నా టేబుల్ ముందు నిలబడి, ‘అమ్మా, నేను చీర ఎప్పుడు కొన్నాను?’ అన్నాడు. సెక్షన్ అంతా నవ్వింది. నేను మాత్రం ఆ రాత్రి తొమ్మిదింటిదాకా పాత ప్రింటవుట్ కాగితాలు నేల మీద పరుచుకుని, స్కేలు పెట్టి వరస వరసా ఎర్ర పెన్సిల్‌తో సరిచూశాను. అప్పటినుంచీ తండ్రి పేరో భర్త పేరో చూడకుండా నా ప్రోగ్రాం ఎవరినీ ఎవరితోనూ కలపలేదు.

మీకు అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మీ మూడు జాబితాల్లో మూడు రకాల తప్పులున్నాయి. ఫోన్‌లో విని రాసుకున్నదాంట్లో ఉన్నవి చెవి చేసిన తప్పులు. వాట్సాప్‌లో వచ్చినవి వేలు చేసిన తప్పులు. రిజిస్టరు ఫొటోలు చూసి ఎక్కించినవి కన్ను చేసిన తప్పులు. ఏ తప్పుకి ఆ మందు.

చెవి తప్పుకి సౌండెక్స్ లాంటివి బాగా పనిచేస్తాయి, శబ్దం ఒకటే కాబట్టి. వేలు తప్పుకి అవి నమ్మదగ్గవి కావు. ‘ప్రసాద్’ టైప్ చేయబోయి ఆర్ బదులు పక్కనున్న టి నొక్కితే శబ్దమే మారిపోతుంది. అక్కడ అక్షరాల దూరం కొలవాలి. ఒక పేరుని ఇంకో పేరుగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, ఎన్ని తీయాలి, ఎన్ని మార్చాలి అని లెక్కపెట్టడం. దీన్ని లెవెన్‌స్టైన్ దూరం అంటారు. సోవియట్ శాస్త్రవేత్త వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ 1965లో చెప్పింది. దానికి ముందు ఏడాదే అమెరికాలో ఫ్రెడరిక్ డామెరౌ అనే ఆయన, స్పెల్లింగు తప్పుల్లో నూటికి ఎనభైకి పైగా ఒకే ఒక్క పొరపాటు వల్ల వస్తున్నాయని చూపించాడు. ఒక అక్షరం ఎక్కువ, ఒకటి తక్కువ, ఒకటి బదులు ఇంకొకటి, పక్కపక్క అక్షరాలు అటూ ఇటూ అవడం. ఈ చివరిది మీ వాట్సాప్ జాబితాలో కావలసినన్ని ఉంటాయి. లెవెన్‌స్టైన్ దాన్ని రెండు తప్పులుగా లెక్కేస్తుంది, డామెరౌ ఒక్కటిగా. మీ అక్క కొడుకుని డామెరౌ పద్ధతే పెట్టమనండి.

కన్ను తప్పు వేరే రకం. పాత రిజిస్టర్లు తెలుగులో చేత్తో రాసినవి అయ్యుంటాయి. ‘ప’ తలకట్టు కిందికి అంటుకుంటే ‘వ’ అయిపోతుంది. పద్మ కాస్తా వద్మ. ‘థ’లో చుక్క ఇంకు మరకలో కలిసిపోతే అది ధ అవుతుంది, కింది వత్తు కూడా పోతే ద అవుతుంది. సౌండెక్స్‌కి ఇక్కడ చేతులు కట్టేసినట్టే, ఎందుకంటే మొదటి అక్షరం మారితే దానికి డ్రాయరే మారిపోతుంది. పద్మ పి-350లో, వద్మ వి-350లో. అక్షరాల దూరం మాత్రం 1 అని చెప్పి పట్టేస్తుంది. ఆ లెక్కలో ప-వ, థ-ధ లాంటి జతలకు పూర్తి తప్పు కాకుండా అర తప్పు వేసేలా పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇక పని. 1,400 మందిని ఒకరితో ఒకరిని పోల్చాలంటే 9,79,300 జతలు అవుతాయి. అన్నీ మనుషులు చూడలేరు. అందుకని సౌండెక్స్‌ని జల్లెడగా వాడండి. ఒకే కోడ్ ఉన్నవాళ్లని ఒక గుంపు చేయండి, గుంపు లోపల మాత్రమే అక్షరాల దూరం చూడండి. తర్వాత పదో తరగతి పూర్తిచేసిన సంవత్సరంతో ఇంకోసారి గుంపులు కట్టండి. మొదటి అక్షరం తేడా వచ్చి సౌండెక్స్ వదిలేసిన పద్మలు అక్కడ దొరుకుతారు. ఇంటిపేరు కొందరు ముందు, కొందరు వెనక రాస్తారు కాబట్టి పేరుని ముక్కలు చేసి, ముక్కల్ని అకారాది క్రమంలో పెట్టాకే ఇదంతా చేయండి. ఈ ఒక్క పని చేయకపోతే ఏ అల్గారిథం పెట్టినా వృథా. చివరికి మిగిలే జతల్ని ఒక మధ్యాహ్నం కూర్చుని మీరే చూడండి. వెంకటేశ్వర్లు ఇద్దరుంటే వాళ్లిద్దరికీ ఫోన్ చేయడమే.

ప్రశ్న: అమ్మా, ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. తెలుగు పేరుని పోల్చడానికి ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి, దానికి అంకెలు వేసి, ఇదంతా ఎందుకు? శబ్ద సామ్యం మనకు తెలియని విషయమా? తెలుగు అక్షరాలతో నేరుగా చేసే పద్ధతి లేదా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న కోసమే ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. మీరు పిల్లలకు యతిమైత్రి చెప్పే ఉంటారు. ప, ఫ, బ, భ, వ ఒకదానికొకటి మిత్రులు. త, థ, ద, ధ మిత్రులు. న, ణ మిత్రులు. చ, ఛ, జ, ఝ, శ, ష, స ఒక జట్టు. ఇప్పుడు పైన రస్సెల్ గుంపులు మళ్లీ చూడండి. బి, ఎఫ్, పి, వి ఒక గుంపు. డి, టి ఒక గుంపు. మన ఛందస్సు పుస్తకం చూసి రాశాడేమో అనిపిస్తుంది. చూడలేదు లెండి. నోట్లో నాలుక ఎక్కడ తగులుతుందో, పెదవులు ఎప్పుడు కలుస్తాయో మన కవీ గమనించాడు, పిట్స్‌బర్గ్ ఆయనా గమనించాడు.

ప్రాస సంగతి ఇంకా విచిత్రం. పాదంలో రెండో అక్షరంలో హల్లు కలవాలి, దాని మీద గుణింతం ఏదైనా పరవాలేదు. సౌండెక్స్ అచ్చుల్ని వదిలేసేదీ ఇదే పద్ధతి. కాకపోతే మనవాళ్లు నిక్కచ్చి. యతిలో హల్లుతోపాటు అచ్చు కూడా కలవాలంటారు. క వర్గాన్నీ చ వర్గాన్నీ కలపరు. రస్సెల్‌కి వేరే దారి లేదు, ఇంగ్లీషు ‘సి’ ఒకచోట క, ఇంకోచోట స. అందుకే క, గ, జ, స అన్నీ 2లో పోసేశాడు.

తెలుగులో నేరుగా చేయొచ్చు, చేస్తే బాగుంటుంది కూడా. నేను ఇంట్లో వాడుకునేదానికి పెద్ద పేరేం పెట్టలేదు, ‘మడత’ అంటాను. పేరుని మడతపెట్టి రెండు మడతలు ఒకటేనా అని చూడటం. శ, ష రెంటినీ స చేస్తాను. ణని న, ళని ల, ఱని ర చేస్తాను. ఖ, ఘ, భ లాంటి వాటికి వత్తు తీసేస్తాను. ‘జ్ఞ’ని గ్న చేస్తాను (నా స్వార్థం కొంత). వట్రుసుడిని ‘రి’ కిందకు మారుస్తాను. సున్న ఉన్నా, దాని బదులు న్ పొల్లు రాసినా ఒకటే అనుకుంటాను. మొదట్లో ‘యె’, ‘ఎ’ ఒకటే. లేకపోతే యెల్లయ్య, ఎల్లయ్య ఇద్దరు మనుషులవుతారు. ఇంగ్లీషు సౌండెక్స్‌లో వాళ్లు నిజంగానే ఇద్దరు, ఒకరు వై-400, ఒకరు ఈ-400. మీ జిల్లాలో ఈ బాధ మీకు తెలియనిది కాదు.

‘థ’ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాను. వత్తు తీస్తే త రావాలి. కానీ మనవాళ్లు కథని కధ అంటారు, అర్థాన్ని అర్ధం అని రాస్తారు. జనం ఎలా రాస్తారో దాన్ని బట్టే నడవాలి గానీ వర్ణమాలను బట్టి కాదు. అందుకని థ, ధ రెండూ ద గదిలోకే. మీకు కోపం వస్తుందని తెలుసు.

దీర్ఘాలు తీసేయాలా వద్దా అన్నది తేలని పంచాయితీ. తీసేస్తే ‘రమ’, ‘రామ’ ఒకటైపోతారు, అంటే ఆడమనిషీ మగమనిషీ. ఉంచేస్తే ‘రామరావు’, ‘రామారావు’ వేరైపోతారు. నేను మొదటి అక్షరం మీద దీర్ఘం ఉంచుతాను, తర్వాత వాటివి తీసేస్తాను. ఇది శాస్త్రం కాదు, అనుభవం. పేర్లకు పనికొచ్చిన మడత నిఘంటువుకి పనికిరాదు కూడా. అక్కడ ళని ల చేస్తే కళ వెతికినవాడికి కల దొరుకుతుంది.

ఇంకో సంతోషకరమైన సంగతి. యూనికోడ్‌లో (అంటే కంప్యూటర్ కోసం ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చిన పట్టికలో) మన లిపులకు స్థానాలు వరసగా, ఒకదానికొకటి సమాంతరంగా ఇచ్చారు. దేవనాగరి క 2325వ స్థానం, తెలుగు క 3093. తేడా 768. ల తీసుకోండి, 2354, 3122. మళ్లీ 768. కన్నడ క మనకి సరిగ్గా 128 అవతల ఉంటుంది. అంటే ఒక కూడికతో తెలుగు పేరుని హిందీ పేరుతోనో కన్నడ పేరుతోనో నేరుగా పోల్చొచ్చు, ఇంగ్లీషు గుమ్మం తొక్కకుండా. కేరళకు చెందిన సంతోష్ తొట్టింగల్ మన భాషలకు రాసిన ఇండిక్ సౌండెక్స్ ఈ దారిలో వెళ్లిందే.

ప్రశ్న: మేడమ్, ఎంసీఏ చివరి సంవత్సరం. ప్రాజెక్టుకి పేర్లు పోల్చే అల్గారిథంలు తీసుకున్నాను. లెవెన్‌స్టైన్, జారో-వింక్లర్, మెటాఫోన్ మూడింట్లో ఏది బెస్ట్ అని తేల్చమని మా గైడ్ అడుగుతున్నారు. వైవా దగ్గరకొచ్చేసరికి టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, బెస్ట్ ఏది అన్న ప్రశ్నకు వైవాలో జవాబు చెప్పొద్దు, ఈ రెండు జతలు బోర్డు మీద రాయి. ఒకటి, లక్ష్మి రెండు స్పెల్లింగులు, కె-ఎస్-హెచ్‌తో ఒకటి, ఎక్స్‌తో ఒకటి. రెండోది, రమణ, రావణ. ఇంగ్లీషు అక్షరాల్లో రమణకీ రావణకీ తేడా ఒక్క ఎం, ఒక్క వి.

లెవెన్‌స్టైన్ లెక్కలో రమణకి రావణ దూరం 1. లక్ష్మికి లక్ష్మి దూరం 3, రెండక్షరాలు తీయాలి, ఒకటి మార్చాలి. జారో-వింక్లర్‌లో పూర్తిగా ఒకటే అయితే 1, అసలు పోలికే లేకపోతే 0 వస్తుంది కదా. రమణ-రావణకి 0.91 వస్తుంది, లక్ష్మి-లక్ష్మికి 0.83. 0.9 దగ్గర గీత గీస్తే రావణుడు లోపలికి వస్తాడు, అమ్మవారు బయట నిలబడుతుంది. ఇది అమెరికా జనాభా లెక్కల శాఖలో పనిచేసిన జారో, వింక్లర్ల తప్పు కాదు. మొదటి నాలుగక్షరాల దాకా కలిస్తే అదనపు మార్కులిస్తారు, ఎందుకంటే అక్కడి పేర్లలో మొదట్లో తప్పులు తక్కువ పడతాయని వాళ్లు చూశారు. మన జాబితాలో సగం ఊరు ‘వెంకట’తోనో ‘సత్య’తోనో మొదలైతే ఆ మార్కులు అందరికీ ఊరికే వచ్చేస్తాయి.

మెటాఫోన్ 1990లో లారెన్స్ ఫిలిప్స్ చేసింది, సౌండెక్స్ కన్నా తెలివైనది. ఆ తెలివి ఇంగ్లీషు తెలివి, చిక్కంతా అక్కడే. ‘టి-హెచ్’ కనబడితే ఇంగ్లీషువాళ్లు నాలుక బయటపెట్టి పలికే శబ్దం అనుకుని దానికి వేరే గుర్తు వేస్తుంది. మనం ‘త’ కోసం టి-హెచ్ రాస్తాం, ఉత్తరాదివాళ్లు టి ఒక్కటే రాస్తారు. కాబట్టి మన లలిత, వాళ్ల లలిత మెటాఫోన్‌కి ఇద్దరు. సీత కూడా అంతే. లక్ష్మికి అయితే ‘ఎస్-హెచ్’ని ఒక గుర్తుగా, ‘ఎక్స్’ని క-స్ గా తీసుకుని రెండు కోడ్‌లు ఇస్తుంది. మొదట్లో ‘జి-ఎన్’ ఉంటే జి పలకదని తీసేస్తుంది. అంటే నా పేరులో తల తీసేస్తుంది. ముసలి సౌండెక్స్‌కి ఇంత తెలివి లేదు కాబట్టే రెండు లలితల్నీ, రెండు సీతల్నీ సరిగ్గా కలుపుతుంది.

నీ ప్రాజెక్టుకి నేనిచ్చే సలహా. పోల్చే ముందు పేరుని చదును చెయ్యి. టి-హెచ్‌ని టి, డి-హెచ్‌ని డి, బి-హెచ్‌ని బి చెయ్యి. ఎక్స్‌ని కె-ఎస్ చెయ్యి, ఎస్-హెచ్‌ని ఎస్ చెయ్యి. డబుల్ ఈ ని ఐ, డబుల్ ఓ ని యు చెయ్యి. డబ్ల్యూని వి చెయ్యి. మిగిలిన జంట అక్షరాలు ఒక్కటి చెయ్యి. ఇప్పుడు లెవెన్‌స్టైన్ మళ్లీ వెయ్యి. లక్ష్మి దూరం 0. రావణుడు ఇంకా 1 దగ్గరే నిలబడి ఉంటాడు. ఆ తొమ్మిది సూత్రాలు నీ ప్రాజెక్టు, అల్గారిథం కాదు.

దూరాన్ని పేరు పొడవుతో భాగించడం మర్చిపోకు. సీత-గీత మధ్య 1 వేరు, సుబ్రహ్మణ్యం-సుబ్రమణ్యం మధ్య 1 వేరు. ఆఖరుకి 200 జతలు చేత్తో తీసుకుని, ఇద్దరు మనుషుల చేత విడివిడిగా ‘ఒకరే’, ‘వేరే’ అని రాయించు. పట్టాల్సినవి ఎన్ని వదిలేసింది, వదలాల్సినవి ఎన్ని పట్టింది అని రెండు వరసలు వెయ్యి. ఆ రెండు అంకెలూ చూపించి, దేనికి ఏది ఎక్కువ ఖరీదో చెప్పు. పెళ్లి పిలుపుల జాబితాలో ఇద్దరికి మూడు కార్డులు వెళ్తే నవ్వుకుంటారు. జీతాల జాబితాలో అలా అయితే ఏమవుతుందో పైన లక్ష్మణ్ చెప్పాడు.

ప్రశ్న: మా ముత్తాతగారి తమ్ముడు అప్పలస్వామి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకి ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటారు. ఓడల జాబితాల్లో వెతుకుతున్నాను. ఆ స్పెల్లింగు ఎక్కడా లేదు. ఎలా వెతకాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మద్రాసు నుంచి వెళ్లిన మొదటి ఓడ ‘ట్రూరో’ 1860 నవంబరులో డర్బన్ చేరింది. 1911 దాకా మన దేశం నుంచి దాదాపు 1,52,000 మందిని అలా తీసుకెళ్లారు. జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసేవారు. చెప్పేవాడు మన ఉత్తరాంధ్ర యాసలో చెప్పాడు, రాసేవాడు తన చెవికి తోచింది రాశాడు. అంటే ఇది చెవి తప్పు, నూటికి నూరు పాళ్లు. సౌండెక్స్‌కి ఇంతకన్నా తగిన పని దొరకదు.

మీరు రాసే అప్పలస్వామి ఏ-142. వాళ్లు ‘అప్పల్‌సామి’ అని రాసినా ఏ-142 వస్తుంది. అక్కడ నాయుడుని డబుల్ ఓ పెట్టి రాస్తారు, మనం యు పెడతాం, ఇద్దరూ ఎన్-300. విశాఖపట్నానికి ఆ కాలం స్పెల్లింగు ‘విజగపటం’ అన్నట్టు ఉంటుంది. మొన్న మీ ఉత్తరం చదివి కాగితం మీద వేసి చూశాను. ఇప్పటిదీ అప్పటిదీ రెండూ వి-221. నాకే ముచ్చటేసింది.

అన్నీ ఇలా కలవవు. శ్రీకాకుళాన్ని అప్పుడు ‘చికాకోల్’ అని రాసేవారు, అది గంజాం జిల్లా కింద ఉండేది. ఒకటి ఎస్-622, ఒకటి సి-224. శబ్దంతో పని జరగదు, పాత పేరు తెలిసి ఉండాలి. అలాంటివి ఒక పట్టిక రాసుకోండి. యెల్లమ్మ, ఎల్లమ్మ లాంటి మొదటి అక్షరం తేడాలు కూడా రెండు రకాలుగా వెతకండి.

అమెరికాలో యూదు కుటుంబాలకూ ఇదే బాధ వచ్చింది. మాస్కోవిట్జ్ అనే ఇంటిపేరుని ఒకరు డబ్ల్యూతో, ఒకరు వి తో రాస్తారు. సౌండెక్స్ వాటికి ఎం-232, ఎం-213 అని వేరే కోడ్‌లు ఇచ్చింది. 1985లో డైచ్, మోకోటాఫ్ అనే ఇద్దరు కూర్చుని తూర్పు యూరప్ పేర్లకు ఆరంకెల కోడ్ కట్టుకున్నారు. ఇద్దరూ తమ పూర్వీకుల్ని వెతుక్కుంటున్నవాళ్లే. నాటాల్ జాబితాల మీద పనిచేసే ఉత్తరాంధ్ర కుర్రాళ్లు ఎవరైనా మనకీ ఒకటి కట్టొచ్చు. అప్పల, సింహాద్రి, పైడి, ఎర్ర, ఈ నాలుగింటితోనే సగం పని అవుతుందని నా అంచనా.

తండ్రి పేరు, వయసు కూడా కలిస్తేనే మీ మనిషి అనుకోండి. అప్పలస్వాములు ఒకరిద్దరు కాదు ఆ ఓడల్లో.

ప్రశ్న: ఫోన్‌లో తెలుగులో ‘కృష్ణ’ అని వెతికితే నేను ‘క్రిష్ణ’ అని పెట్టుకున్న నంబర్లు రావడం లేదు. ఇంకో వింత, ‘శ్రీనివాస్’ అని అచ్చంగా అలాగే ఉన్న పేరు కూడా ఒక్కోసారి దొరకదు. ఫోన్ పాడైందా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఫోన్ బాగానే ఉందమ్మా. కృష్ణ అంటే దానికి ఐదు ముక్కలు: క, వట్రుసుడి, ష, పొల్లు, ణ. క్రిష్ణ అంటే ఏడు ముక్కలు: క, పొల్లు, ర, గుడి, ష, పొల్లు, ణ. మనకు ఒకే పేరు, దానికి దూరం 3. కృష్ణకి కృష్ణా నది దూరం 1 మాత్రమే. నంబరు సేవ్ చేసేటప్పుడే ఒక పద్ధతి పెట్టుకోవడం తప్ప ఇప్పటికి దారి లేదు.

శ్రీనివాస్ సంగతి వేరు. పొల్లు పక్కన తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి ఒక కనబడని గుర్తు వాడతారు, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ‘శ్రీనివాస్’ చివర కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే పెడతాయి, కొన్ని పెట్టవు. కంటికి రెండూ ఒకటే, ఫోన్‌కి ఒకదాంట్లో ఒక ముక్క ఎక్కువ. ఆ పేరు చివర కర్సర్ పెట్టి ఒక్కసారి వెనక్కి చెరపండి. స్ ఏమీ మారకుండా ఉండిపోయిందంటే చెరిగింది ఆ కనబడని ముక్కే. తెనాలి ఆవిడ జాబితా తెలుగులో ఉంటే మొట్టమొదట ఏరేయాల్సింది కూడా ఇదే.

ప్రశ్న: మావారు సంఖ్యాశాస్త్రం చూపించుకుని ఇంగ్లీషులో పేరు మధ్య ఇంకో ‘ఏ’ చేర్చుకున్నారు. మీరు చెప్పే ఈ కోడ్‌లన్నీ మారిపోతాయా?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: సౌండెక్స్‌కి అచ్చులు లెక్కలో లేవు. ఉన్న ‘ఏ’ పక్కన ఇంకో రెండు చేర్చుకున్నా ఆయన కోడ్ ఆయనదే. బ్యాంకువాళ్లు మాత్రం అక్షరం అక్షరం చూస్తారు. పాస్‌బుక్కు, పాన్ కార్డు రెంటిలోనూ ఒకే రోజు మార్పించమనండి.